నా కుడి చేతికి కట్టిన రేటు

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, రానీ. నాలుగో తరగతితో నన్ను బడి మాన్పించారు గానీ చదవడం నేను మానలేదు. రొట్టెలు చుట్టి ఇచ్చే పాత పేపర్లను ముందు చదివి తరవాతే చింపేదాన్ని. పక్షవాతం గురించి వాటిలో చాలాసార్లు రాశారు. ఉప్పు తగ్గించమన్నారు, బీపీ చూపించుకోమన్నారు. అది వచ్చి పడ్డాక ఎవరికి ఎంత కట్టాలి, ఎవరికి ఒక్క పైసా ఇవ్వకూడదు అన్నది మాత్రం ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

నా పేరు యాదమ్మ. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన సాయంత్రం పూట జొన్న రొట్టెలు కొట్టి అమ్మేదాన్ని. పదకొండేళ్లు అదే పని. గంటకు ముప్పై రొట్టెలు కొట్టేదాన్ని. నా మందులు, మా ఆయన చాయ, మనవరాలి నోటు పుస్తకాలు, అన్నీ ఆ రొట్టెల మీదే నడిచాయి. కొడుకు ముందు చెయ్యి చాపిన రోజు లేదు.

పోయిన ఏడాది ఆషాఢం. పీట మీద రొట్టె సగం అయింది. చెయ్యి కొడుతూనే ఉందనుకున్నాను. చూస్తే అది పీట పక్కన పడి ఉంది, వేరేవాళ్ల చెయ్యి లాగ. రొట్టె కోసం నిలబడ్డ లారీ డ్రైవర్, "పెద్దమ్మా, నీ మూతి గట్ల పోతుందేంది?" అన్నాడు. "రొట్టె మాడుతది, తియ్" అని నేను చెప్పాననుకున్నాను. అతనికి ఏం వినబడిందో తెలియదు. గ్యాస్ బంద్ చేసి, పక్కన పండ్ల బండి అతన్ని పిలిచి, ఇద్దరూ కలిసి నన్ను ఆటోలో కూర్చోబెట్టే దాకా అతను కదల్లేదు. లారీ రోడ్డు మీదే ఉంది, వెనకాల హారన్లు. తినని రొట్టెకు కూడా పైసలు పీట మీద పెట్టి పోయాడని తరవాత తెలిసింది. అతని పేరు ఇప్పటికీ తెలియదు.

దవాఖానలో పన్నెండు రోజులున్నాను. మంచం, మందులు ఆరోగ్యశ్రీ కార్డు మీద పోయాయి. కానీ స్కానింగ్ గదికి కుర్చీ తోసుకుపోయిన అతను చెయ్యి చాపాడు. మా ఆయన బాలయ్య వంద తీసి ఇచ్చాడు. వెనక్కి తీసుకొచ్చినందుకు ఇంకో వంద. పక్క బట్ట మార్చినామెకు యాభై. నేను పడుకుని అన్నీ చూస్తున్నాను. "దేనికి" అని అడగాలి, నాలుక తిరగదు. మూతి వంకర పోయినందుకు నేను ఏడవలేదు. అడగలేకపోయినందుకు ఏడ్చాను. మా ఆయన అది చూసి నొప్పనుకుని నర్సును పిలుచుకొచ్చాడు.

తొమ్మిదో రోజు కుర్చీ అతను మళ్లీ చెయ్యి చాపాడు. నా నోట్లోంచి మాట వచ్చింది. "దేనికి?" స్పష్టంగా వచ్చింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తాత, అవ్వకు నయమైంది, ఇగ ఇంటికి తోల్కపోవచ్చు" అన్నాడు నవ్వుతూ.

ఆ రోజు నుంచి మా ఆయన జేబులోంచి ఏం పోయినా నన్ను అడిగే పోయింది.

శ్రావణం నుంచి దసరా దాకా ఇంట్లో. కాలు నెమ్మదిగా దారికొచ్చింది, చెయ్యి రాలేదు. మా కొడుకు శ్రీశైలం నన్ను ఒక ప్రైవేటు ఫిజియోథెరపీకి తీసుకుపోయాడు. పూటకు మూడు వందలు. ఒక మిషను తీగలు చేతికి అంటించి ఆ పిల్లవాడు బయట ఫోను చూసుకునేవాడు. ఆరో రోజు నేను అడిగాను, "మూడు వందలు నీకా, మిషనుకా?" అని. మరుసటి రోజు నుంచి పోలేదు. సర్కారు దవాఖానలో ఓపీ చిట్టీ రాయించుకుంటే అదే ఫిజియోథెరపీ ఉచితం అని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అక్కడి పిల్ల తన చేత్తో నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పేది. "పెద్దమ్మా, ఇక్కడ ఫీజు లేదు. ఓపిక తెచ్చుకో, సాలు" అనేది. ఓపిక నాకు ఎప్పుడూ తక్కువే, అయినా తెచ్చుకున్నాను.

ఆ నెలల్లో చూడటానికి చుట్టాలు వచ్చేవాళ్లు. కోహెడ నుంచి మా చెల్లెలు, కందుకూరు నుంచి వియ్యంకులు, వీధిలో వాళ్లు. డజను అరటిపళ్లు పెట్టి, మంచం పక్కన కూర్చుని, అందరిదీ ఒకటే మాట. "ఏదీ, చెయ్యి లేపు." నేను లేపేదాన్ని. భుజాన్ని ఒక్క ఊపు ఊపితే చెయ్యి చెవి దాకా వచ్చేది. వేళ్లు ముడుచుకునే ఉండేవి, కొంగు చాటున పెట్టుకునేదాన్ని. "మస్తు నయమైంది" అని వాళ్లు లేచేవాళ్లు. రోజూ ఇద్దరికో ముగ్గురికో చూపించి ఆ ఊపులో నాకు మంచి సాధన అయిపోయింది. దాని ఫలితం తరవాత అనుభవించాను.

మా ఇంట్లో ముసలి పింఛను మా ఆయనకు వస్తుంది. ఒక ఇంట్లో అది ఒక్కరికే. వికలాంగుల పింఛను వేరు, అది నాకు రావచ్చని ఫిజియో పిల్ల చెప్పింది. నెలకు నాలుగు వేల పదహారు. రొట్టెలు పోయాక నా చేతికి వచ్చే పైసలు అవొక్కటే. దానికి సర్టిఫికెట్ కావాలి. దవాఖానలో డాక్టర్లు చూసి ఎంత శాతం లోపమో వేస్తారు, నలభై ఉండాలి. జబ్బు వచ్చిన వెంటనే చూడరు, కొన్ని నెలలు ఆగాలి. ఆగాను. మీసేవలో తారీకు బుక్ చేసుకున్నాను. నలభై రూపాయలు కూడా కాలేదు, రశీదు ఇచ్చారు. ఆ రశీదు మడిచి రవికలో పెట్టుకున్నాను.

శివరాత్రికి ముందు వారం, జిల్లా దవాఖానలో పరీక్ష. కొడుకు పెళ్లికి పెట్టిన నేత చీర కట్టుకున్నాను. తలకు నూనె పెట్టించుకున్నాను. కర్ర ఇంట్లోనే వదిలేశాను. "చక్కగ చెయ్యి, పరువు తియ్యకు" అన్నాడు మా ఆయన బస్సులో. వరండాలో మూడు గంటలు కూర్చున్నాం. పిల్లలను ఎత్తుకున్న తల్లులు, కళ్లు లేనివాళ్లు, కాలు లేనివాళ్లు, అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. నా పక్కన కందుకూరు నుంచి వచ్చిన లలిత అనే ఆమె, చెవులు వినబడని కొడుకుతో. తను రావడం మూడోసారి అని చెప్పింది. ఇంకేదో చెప్పబోతుంటే నా పేరు పిలిచారు.

డాక్టరు చెయ్యి లేపమన్నాడు. ఊపాను. చెవి దాటింది. చుట్టాల ముందు కూడా అంత పైకి ఎప్పుడూ పోలేదు.

"సొంతంగా తింటవా?"

"తింట." ఎడమ చేత్తో అని చెప్పలేదు.

"స్నానం, బట్టలు?"

"అన్ని నేనే జేస్కుంట."

"వేళ్లల్ల ఏమన్న ఇబ్బంది ఉందా?"

"ఏం లేదు సార్."

నడవమంటే గోడ పట్టుకోకుండా నడిచాను. ఆయన రాసుకున్నాడు. నేను బయటికొచ్చి మా ఆయనతో, "అన్ని జేసిన" అన్నాను. ఆయన సంతోషపడి సమోసాలు కొన్నాడు. రెండు. నేను వద్దన్నా.

లలిత నన్ను చూసింది. "ఏమన్నవ్ అవ్వా లోపల?"

చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"అవ్వా, గది బడి పరీక్ష గాదు. నువ్ ఎంత మంచిగ జేస్తే అన్ని మార్కులు పోతయ్."

"మరి అబద్ధం ఆడాల్నా?"

"అబద్ధం నువ్ ఆడినవ్ గదా."

నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది. సమోసా సగం ఆ పిల్లవాడికి ఇచ్చి వచ్చేశాను.

ఉగాదికి కాగితం వచ్చింది. ముప్పై ఆరు. నలభైకి నాలుగు తక్కువ. నేను అది చదివి దిండు కింద పెట్టాను. మూడో రోజు పొద్దున మా కోడలు మంజుల నాకు జాకెట్ హుక్కులు పెడుతూ అడిగింది.

"అత్తమ్మా, డాక్టర్ ముంగట అన్ని నేనే జేస్కుంట అన్నవంట?"

"ఎవరు జెప్పిండ్రు?"

"మామ. మరి ఇగో, తొమ్మిది నెలలసంది ఈ హుక్కులు పెడుతున్నది ఎవరు? కుచ్చిళ్లు పోసేది ఎవరు? నీళ్లు పోసేది? పక్కింటోళ్లు వచ్చి జేస్తున్నరా?"

గొంతు పెంచలేదు. ఆఖరి హుక్కు పెట్టి, చీర సర్ది, వంటింట్లోకి పోయింది. పదిహేనేళ్లలో ఆ పిల్లకు నేను చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి, వాటికి నేను పెద్దగా బాధపడింది లేదు. ఈ మాట మాత్రం తగిలింది. నా పరువు కోసం నేను దాచింది నా చెయ్యి ఒక్కటే కాదు. ఆమె తొమ్మిది నెలల చాకిరీని లేనే లేదని సర్కారు కాగితం మీద రాయించి వచ్చాను.

మళ్లీ పోవాలనుకున్నాను. ఎట్లా పోవాలో తెలుసుకునే లోపలే మా కొడుకు ఇంకో దారి పట్టాడు. మన్నెగూడ దగ్గర ప్లాట్లు అమ్మిపెట్టే నర్సింగ్ అనే మనిషి ఉన్నాడు. ప్లాట్లతో పాటు సర్టిఫికెట్ల పైరవీ కూడా చేస్తానని చెప్పుకుంటాడు. నలభైకి ఎనిమిది వేలు, డెబ్బై ఐదుకి పదిహేను వేలట. రోడ్డు వైపు ప్లాటుకు ఒక రేటు, మూల ప్లాటుకు ఒక రేటు చెప్పినట్టు. శ్రీశైలం నాకు చెప్పకుండా రెండు వేలు బయానా ఇచ్చి వచ్చాడు. అన్నం తింటుండగా చెప్పాడు.

"ఎనిమిది వేలు అంటే రెండు నెల్ల పింఛనే అమ్మా. తర్వాత అంత లాభమే గదా."

"నా చెయ్యి పడిపోయింది నిజమేనా కాదా?"

"నిజమే."

"నిజానికి లంచం దేనికిరా?"

"నువ్ జర ఊకో అమ్మా. లోకం గట్లనే ఉన్నది."

"లోకం ఎట్లన్న ఉండనీ. రేపు నన్ను మన్నెగూడ తోల్కపో."

వాడు రాలేదు. నేను, మా ఆయన బస్సెక్కి పోయాం. రేకుల షెడ్డు, ముందర రంగుల ఫ్లెక్సీ. లోపల నర్సింగ్ ఒక మొగుడూ పెళ్లాలకు మ్యాపు పరిచి ప్లాట్లు చూపిస్తున్నాడు. నేను పోయి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.

"ఏం గావాలె పెద్దమ్మా?"

"నా కొడుకు రెండు వేలు ఇచ్చిండు. దేనికో జెప్పు."

"గది తర్వాత మాట్లాడుదాం."

"నీకు తర్వాత. నాకు బస్సు ఉన్నది. సర్టిఫికెట్ రేటు ఏ బోర్డు మీద రాసున్నదో జర చూపెట్టు."

అతను గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, గివన్ని బోర్డుల మీద రాసేటివి గావు."

"రాయరాని రేటు నేను కట్ట."

మ్యాపు చూస్తున్న ఆమె మొగుడి మోచేతిని పొడిచింది. "గీయనేనా మనకు రిజిస్ట్రేషన్ జేపిచ్చేది?" అని మెల్లగా అడిగింది. మెల్లగా అన్నా మాకు వినబడింది. నర్సింగ్ జేబులోంచి పదిహేను వందలు తీశాడు. ఐదు వందలు పెట్రోలుకు పోయాయన్నాడు.

"మా ఇంటికి నువ్ రాలే, దవాఖానకు పోలే. పెట్రోల్ ఏడ గాలింది?"

మిగతా ఐదు వందలూ ఇచ్చాడు. మా ఆయన వాటిని ఒక్కొక్కటే వెలుగుకు పెట్టి చూసి మడిచాడు. బయటికొచ్చాక, "జైల్ల ఏపిచ్చేటట్టు ఉన్నవ్ నన్ను" అన్నాడు. కానీ బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

మీసేవలో కూర్చునే ఆమెను అడిగాను, మళ్లీ చూడమని చెప్పుకోవడానికి ఎంత అవుతుందని. "అర్జీకి ఏం లేదు పెద్దమ్మా. మల్ల తారీకు ఇస్తే గప్పుడు స్లాట్ రుసుం కట్టాలె, గంతే. అగో, గోడకు బోర్డు ఉన్నది" అంది. ఎదురుగా ఉంది. అంతకు ముందు వచ్చినప్పుడు నేను దాన్ని చూడనే లేదు. ఇది చదివేవాళ్లు ముందు ఆ బోర్డు చదవండి. బోర్డు మీద ఉన్నదానికి రశీదు ఇస్తారు. రశీదు ఇవ్వలేనివాడు అడిగేది ఫీజు కాదు. జిరాక్సుకు, ఫొటోకు, బస్సుకు ఖర్చవుతుంది. మొత్తం మీద నాకైనది ఆ ప్రైవేటు మిషనుకు రెండు పూటలకు కట్టినంత కూడా కాదు.

అర్జీ నేనే రాశాను, ఈ చేత్తోనే. జాకెట్ హుక్కు పెట్టుకోలేను. కుచ్చిళ్లు పోసుకోలేను. చెంబు పట్టలేను. అన్నం కుడిచేత్తో తినలేను. ఇవన్నీ మా కోడలు మంజుల చేస్తున్నది. పోయినసారి నేను నిజం చెప్పలేదు. అంతవరకు రాసి ఆమెకు చూపించాను. చదివి, "నా పేరెందుకు రాసినవ్?" అంది. కాగితం మీద నూనె చెయ్యి పడకుండా పక్కకు పెట్టింది. ఆ పూట కూరలో కారం ఎక్కువైంది, ఇంకోసారి వేయించుకుని తిన్నాను.

మృగశిర కార్తె దాటాక తారీకు వచ్చింది. ఈసారి మామూలు చీర, చేతిలో కర్ర. ఒక డబ్బాలో జొన్నపిండి, సంచిలో రొట్టెలు కొట్టే చిన్న పీట. మా ఆయన అది చూసి, "నీకు మతి గిట్ల పోయిందా" అన్నాడు. పిండి ఇంట్లోనే కలిపి తీసుకుపోవచ్చు. కానీ చల్లారిన జొన్నపిండి ఎవరు కొట్టినా పగులుతుంది, అది దొంగ పరీక్ష అవుతుంది. అందుకని దవాఖాన గేటు ముందు చాయ బండి దగ్గర మసిలే నీళ్లు అడిగాను. అతను పైసలు తీసుకోలేదు. వరండాలో బెంచీ మీద మా ఆయన పిండి కలిపాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి. వేళ్లు కాలుతున్నాయని ఊదుకుంటూ, "గిది రోజు జేసినవానే?" అన్నాడు. ఇంకా కలుపుతుండగానే పిలిచారు.

ఈసారి డాక్టరమ్మ. అలసిపోయి ఉంది. పీట బల్ల మీద పెట్టగానే అక్కడున్న అటెండర్ తీసేయబోయాడు.

"ఏంటమ్మా ఇది?"

"నా పని మేడం. పదకొండేండ్లు జేసిన. ఒక్క రొట్టె కొడత, చూడుండ్రి."

ఆమె గడియారం చూసుకుంది. తరవాత చెయ్యి అడ్డం పెట్టి అటెండర్‌ను ఆపింది.

ముద్ద పీట మీద పెట్టాను. ఎడమ చేత్తో తిప్పాలి, కుడి అరచెయ్యి పరిచి కొట్టాలి. అరచెయ్యి పరుచుకోలేదు. ముడుచుకున్న వేళ్ల గణుపులు పిండిలో దిగబడ్డాయి. మళ్లీ ఎత్తాను. మళ్లీ దిగబడ్డాయి. చూడటానికి వచ్చినవాళ్ల ముందు ఏడాది పాటు కొంగు చాటున దాచిన వేళ్లవి. మా ఆయన అటు తిరిగి గోడ చూశాడు. నాలుగో దెబ్బకు రొట్టె అంచు చీలి రెండు ముక్కలైంది. ఆగమని ఎవరూ అనలేదు, నేనూ ఆగలేదు. పిండి మొత్తం చెదిరే దాకా కొట్టాను.

"రొట్టె చూసి నేను శాతం వేయలేనమ్మా" అంది డాక్టరమ్మ. "దానికి లెక్క వేరే ఉంది. కానీ పోయినసారి వేళ్లు సరిగా చూసినట్టు లేదు. ఇప్పుడు చూస్తా." నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, పిండితోనే. ఒక్కో వేలూ, మణికట్టూ, పట్టూ, గుండు సూది గుచ్చితే తెలుస్తుందా లేదా అన్నదీ, అన్నీ చూసింది. చెయ్యి లేపమంది. నేను ఊపబోతే భుజం పట్టుకుని ఆపింది. "ఊపకుండా." ఊపకుండా అది నడుము దాటలేదు. అడిగిన ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పిండి ముక్కలు ఏరి డబ్బాలో వేసుకున్నాను. పారేయడానికి పిండి ఊరికే రాదు. కొంగుతో బల్ల తుడిచి బయటికొచ్చాను. సాయంత్రం మంజుల ఆ పిండినే మళ్లీ పిసికి రొట్టెలు చేసింది. గట్టిగా వచ్చాయి, తిన్నాం.

సర్టిఫికెట్ వచ్చింది. యాభై ఐదు శాతం. నా చేతికి కట్టిన రేటు. తక్కువా ఎక్కువా అని నేను బేరం ఆడలేదు, ఎందుకంటే ఈసారి చూసి రాశారు. బస్సు పాసు దానితోనే అయింది. పింఛనుకు మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకునే దాకా కూర్చున్నాను. ఇంకా మంజూరు కాలేదు. పైనుంచి రావాలంటారు. సోమవారం సోమవారం పోయి అడుగుతున్నాను. అక్కడి బాబు నన్ను చూడగానే, "ఇంకా రాలేదు పెద్దమ్మా, కూసో" అంటాడు. కుర్చీ మాత్రం వేస్తాడు.

"పైసలు పడేసి ఉంటే ఉగాది దాటంగనే అయిపోయేది" అని శ్రీశైలం ఇప్పటికీ అంటాడు. అననీ. నర్సింగ్ మొన్న అంగట్లో ఎదురై, "వచ్చిందా పెద్దమ్మా?" అని నవ్వాడు. "వస్తది. నీ దిక్కెల్లి మాత్రం రాదు" అన్నాను. ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. వచ్చిన నాడు పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఎడమ చేత్తో లెక్క పెట్టుకుంటాను, వెనక లైను ఎంత గొణిగినా సరే. నాలుగు వేలు చూసి మళ్లను. పదహారు కూడా లెక్క పెట్టుకుని మళ్లుతాను.